ఎండాకాలం నీళ్లు పోయకపోతేనే బతికే పూలు

నర్సరీకి వెళ్లి గడ్డల పూలమొక్కలు కావాలని అడిగితే చూపించేవి దాదాపు అన్నీ బయటి దేశాలవే. వాన పడగానే విరగబూసే రెయిన్ లిల్లీ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. కోస్తాలో నేలసంపెంగ అనీ, హైదరాబాద్ పూల మార్కెట్లో లిల్లీ అనీ పిలిచేది మెక్సికో మొక్క. మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీది ఆఫ్రికా. అపార్ట్‌మెంట్ల ముందు వరసగా నాటే తెల్లటి స్పైడర్ లిల్లీ కూడా అమెరికా ఖండాలదే. వీటిలో తప్పేమీ లేదు. కానీ దక్కన్ గుట్టల మీద, నల్లమలలో, శేషాచలం కొండల్లో, కోస్తా ఇసుక దిబ్బల మీద మనకంటూ సొంత గడ్డల మొక్కలు ఉన్నాయి. అవి ఏ నర్సరీ బండి మీదా కనిపించవు.

కనిపించకపోవడానికి కారణం వాటి బతుకు తీరులోనే ఉంది. తొలకరికి లేచి, ఆకు వేసి, పూసి, గింజ కట్టి, చలికాలం వచ్చేసరికి పైభాగమంతా ఎండిపోతుంది. ఆ తర్వాత ఆరేడు నెలలు మట్టి కింద గడ్డగా పడి ఉంటుంది. ఆ నెలల్లో చూస్తే అక్కడ ఉన్నది ఒట్టి నేలే. అమ్మకానికి కుండీలో ఖాళీ మట్టి పెడితే కొనేవాళ్లెవరు?

ఈ మొక్కల్లో కొన్నిటిని తెచ్చి పక్షులకు, సీతాకోకచిలుకలకు చోటిచ్చే తోటలో పెంచాలనే ఆసక్తి ఇప్పుడు పెరుగుతోంది. మంచిదే. అయితే ఇందులో కష్టమైన భాగం నాటడం కాదు. మన తోటపని అలవాట్లే వీటికి పెద్ద ప్రమాదం. రోజూ నీళ్లు పెట్టడం, ఎండిన ఆకు కనబడితే కత్తిరించడం, ఖాళీ జాగా కనబడితే ఏదో ఒకటి నాటడం, రాత్రంతా కాంపౌండ్ గోడ మీద లైట్లు వెలిగించడం, పురుగు కనబడగానే మందు కొట్టడం. తోట బాగా చూసుకుంటున్నారని మెచ్చుకునేది ఈ పనులకే. అడవి గడ్డలు చచ్చిపోయేది కూడా వీటివల్లే.

ముందు ఏ మొక్కల సంగతి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. అందరికీ కాస్తో కూస్తో తెలిసింది అడవినాభి. అగ్నిశిఖ అన్నా ఇదే, శాస్త్రీయనామం గ్లోరియోసా సూపర్బా. తమిళనాడు రాష్ట్ర పుష్పం. ఆకు కొసే నులితీగగా మారి పక్కనున్న కంపనో కంచెనో పట్టుకుని పైకి పాకుతుంది. పువ్వు మొదట ఆకుపచ్చ కలిసిన పసుపులో విచ్చుకుని, నారింజలోకి తిరిగి, చివరికి ఎర్రబడుతుంది. రేకులు వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి, పుప్పొడి ఉండే కేసరాలు పక్కలకు చాపుకుని ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది అరుదైన మొక్క కాదు, ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో అయితే ఇసుక దిబ్బలను కమ్మేసే కలుపు మొక్క. మన దగ్గర మాత్రం మందుల కోసం గడ్డలు తవ్వీ తవ్వీ, కంచెలు కొట్టేసీ చాలాచోట్ల తగ్గిపోయింది. సొంత నేల మొక్క అన్న మాటకు అర్థం ఊరిని బట్టి ఉంటుంది తప్ప మొక్కను బట్టి కాదు.

రెండోది నక్కఉల్లి, కొన్నిచోట్ల అడవిఉల్లి అంటారు. చూడ్డానికి పెద్ద ఉల్లిగడ్డ. శివరాత్రి దాటి ఎండలు ముదిరే రోజుల్లో, చుట్టూ గడ్డి మొత్తం ఎండిపోయి ఉండగా, ఒక్క ఆకు కూడా లేకుండా సన్నటి కాడ లేచి వేలాడే చిన్న పూలు పూస్తుంది. ఆకులు ఆ తర్వాత వానలకు వస్తాయి. పువ్వు అందంగా ఉంటుందని ఎవరూ అనరు, మట్టి రంగులో మాసినట్టు ఉంటుంది. కానీ ఏమీ పూయని కాలంలో పూయడం తోటకు చిన్న విషయం కాదు.

కోస్తాలో కేసరచెట్టు ఉంది. తోటల వాళ్లు క్రైనమ్ అంటారు. మోకాలు దాటిన పొడవైన ఆకులు, తెల్లటి పూల గుత్తి, రాత్రి పూట వాసన. మిగతా వాటిలా ఇది నిద్రపోదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. దీని గింజ విచిత్రమైనది. పైన గట్టి పెంకు ఉండదు, బెండులా తేలికగా ఉండి సముద్రపు నీళ్లలో తేలుతూ వేరే తీరానికి చేరుతుంది. మట్టి, నీరు ఏవీ లేకుండా బల్ల మీద పెట్టినా మొలకెత్తేస్తుంది.

ఇక పాంక్రేషియం. తెల్లటి రేకుల మధ్య గిన్నె లాంటి భాగం ఉంటుంది కాబట్టి స్పైడర్ లిల్లీ అనుకుని పొరపడతారు. కాయ చూస్తే తేడా తెలిసిపోతుంది. పాంక్రేషియం కాయలో నల్లటి ఎండు గింజలు చాలా ఉంటాయి. అమెరికా స్పైడర్ లిల్లీకి లావుపాటి ఆకుపచ్చ గింజలు కొన్నే ఉంటాయి. మచ్చల ఆకుల లెడెబూరియా, గడ్డి మధ్య ఊదా నక్షత్రంలా పూసే ఇఫిజీనియా, తూర్పు కనుమల్లో వానల మొదట్లో పూసే అడవి పసుపు, ఇవన్నీ ఈ కోవలోవే. వృక్షశాస్త్రం లెక్కలో కొన్ని గడ్డలు, కొన్ని దుంపలు, కొన్ని కొమ్ములు. తోటమాలికి ఆ తేడా కన్నా, ఏది ఎండలో నిద్రపోతుంది, ఏది పోదు అన్నదే ముఖ్యం.

ఈ రకం మొక్కలు ఎంత తేలికగా మన కంటికి తప్పిపోతాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో వాగు నీళ్లలో పెరిగే క్రైనమ్ ఒకటి ఉంది. అది కొత్త జాతి అని తేల్చి, క్రైనమ్ మలబారికం అని పేరు పెట్టింది 2012లో. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయానికి చెందిన లేఖక్, యాదవ్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఆ పని చేశారు. ఇంత పెద్ద తెల్లటి పువ్వు పూసే మొక్కకే 2012 దాకా పేరు లేదంటే, వేలెడెత్తు మొక్కల సంగతి చెప్పేదేముంది?

ఇక పెంపకం. ఇంటర్నెట్‌లో గడ్డల గురించి వెతికితే దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాలవి. శరదృతువులో నాటండి, చలి తగలనివ్వండి, కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి అంటాయి. తులిప్‌కు అది సరే. అక్కడ గడ్డను పూతకు సిద్ధం చేసేది చలి. మన గడ్డల గడియారం వానతో నడుస్తుంది. అడవినాభిని మృగశిర కార్తె వానలకు కాస్త ముందో వెనకో నాటాలి. గడ్డ ఇంగ్లీషు వి అక్షరంలా రెండు కొమ్ములతో ఉంటుంది. మొలక కన్ను కొమ్ము కొసన ఉంటుంది. ఆ కొస విరిగిందంటే ఆ ముక్క మొలవదు. అందుకే గడ్డను నిలబెట్టకుండా, పడుకోబెట్టి, రెండు మూడు అంగుళాల లోతున మట్టి కప్పాలి. లోతు గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. క్రైనమ్ లాంటి వాటికి ముడుచుకునే వేళ్లు ఉంటాయి, అవి ఏటా కాస్త కాస్తగా గడ్డను తనకు కావలసిన లోతుకు లాక్కుంటాయి.

నేల విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. గుట్టల మీద ఇవి పెరిగేది బండల సందుల్లో, వాన పడిన గంటకల్లా నీరు జారిపోయే ఎర్రటి గరుకు మట్టిలో. నల్లరేగడిలో నేరుగా పెడితే ఆగస్టు ముసురుకు గడ్డ కుళ్లిపోతుంది. రేగడి నేల ఉన్నవాళ్లు జానెడు ఎత్తు కట్ట పోసి, అందులో ఎర్ర మొరం, ఇటుక ముక్కలు, కొంచెం ఆకుఎరువు కలిపి నాటితే పని జరుగుతుంది. పచ్చి పేడ వద్దు. యూరియా అసలే వద్దు, ఆకు ఏపుగా వస్తుంది తప్ప గడ్డ ఊరదు. కేసరచెట్టుకు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. స్నానాల గది నీళ్లు పారే మూల ఉంటే అక్కడ పెట్టినా హాయిగా పెరుగుతుంది.

అసలు పరీక్ష అక్టోబరు తర్వాత మొదలవుతుంది. ఆకులు పసుపు పడుతుంటే తోట కళ తప్పిందనిపిస్తుంది, చెయ్యి కత్తెర మీదికి పోతుంది. ఆ పసుపు ఆకులు చేస్తున్నదే ఏడాది మొత్తంలో అతి ముఖ్యమైన పని. తమలో ఉన్న సారాన్ని కిందికి దించుతున్నాయి. అడవినాభి విషయంలో ఇది మరీ తీవ్రం. నాటిన పాత గడ్డ ఆ సీజన్‌లోనే కరిగిపోతుంది, దాని స్థానంలో కొత్త గడ్డ తయారవుతుంది. అంటే వచ్చే ఏడాది మొక్క ఉంటుందా లేదా, ఉంటే ఎంత ఉంటుంది అనేది ఈ ఏటి ఆకులు ఎన్నాళ్లు బతికాయన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆకు పూర్తిగా ఎండి, లాగితే చేతిలోకి వచ్చేదాకా ఆగాలి.

ఆ తర్వాత నీళ్లు మానేయాలి. పూర్తిగా. మన తోటల్లో ఇది దాదాపు అసాధ్యం, ఎందుకంటే డ్రిప్ పైపు అందరికీ ఒకటే, పనివాళ్లు పట్టే గొట్టం కూడా అన్నిటికీ ఒకటే. ఏప్రిల్‌లో పక్కనున్న మల్లెకు పోసిన నీళ్లు నిద్రలో ఉన్న గడ్డను కుళ్లబెడతాయి. కాబట్టి గడ్డలకు ఒక మూల విడిగా కేటాయించి, అక్కడికి పైపు వెయ్యకుండా ఉండటమే మార్గం. ఆ మూలలో తంగేడు, వాయిలి, వాక్కాయ లాంటి నీళ్లడగని పొదలు ఉంటే ఇంకా మంచిది. అడవినాభి పాకడానికి వాటికన్నా మంచి పందిరి లేదు. తంగేడు ఆకుల మీద పసుపు రంగు సీతాకోకచిలుకల గొంగళ్లు పెరుగుతాయి కూడా. బాల్కనీలో కుండీలు ఉన్నవాళ్లు ఎండాకాలం కుండీని అడ్డంగా పడుకోబెడితే అకాల వాన కూడా లోపలికి పోదు. ఏ కుండీలో ఏముందో చీటీ పెట్టాలి. ఖాళీ మట్టి అనుకుని అందులో టమాటా నారు పోయడం మామూలుగా జరిగేదే.

జీవాల సంగతికి వస్తే, ఈ పూలకు ఎవరు వస్తారన్నది పువ్వు ఆకారమే చెబుతుంది. అడవినాభి పువ్వులో కీలం, అంటే కొసన పుప్పొడి అందుకునే కాడ, ఒక పక్కకు, దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. కేసరాలకు, దానికి దూరం ఎక్కువ. రెక్కలు విప్పి తేనె తాగే సీతాకోకచిలుకో, తేనెపిట్టో వచ్చి తగిలితే తప్ప పుప్పొడి అక్కడికి చేరడం కష్టం. ఈ మాటకు పెద్ద రుజువు తమిళనాడు పొలాల్లో ఉంది. దిండిగల్, కరూర్, తిరుప్పూర్ జిల్లాల్లో రైతులు ఈ మొక్కను గింజ కోసం సాగు చేస్తారు. గింజల నుంచి తీసే కోల్చిసిన్ గౌట్ అనే కీళ్లవాతానికి మందు. అక్కడ పొద్దున్నే కూలీలు చేలోకి దిగి, పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దుతారు. అలా చెయ్యకపోతే కాయ సరిగా పట్టదు. ఎకరాలకు ఎకరాలు ఒకే పువ్వు పూస్తే, ఆ మూడు నెలల కోసం వచ్చే సీతాకోకచిలుకలు మిగతా తొమ్మిది నెలలు ఏం తిని ఎక్కడ బతుకుతాయి? ఇంటి తోటకు ఉన్న వీలు ఇక్కడే. గడ్డలు పడుకున్న కాలంలో కూడా ఏదో ఒకటి పూస్తూ ఉండేలా చూసుకుంటే, నాభి పూసే వేళకు తేనెపిట్టలు ముందే అలవాటుపడి ఉంటాయి.

కేసరచెట్టు కథ రాత్రిది. దాని పువ్వు కింది గొట్టం సన్నగా, పొడవుగా ఉంటుంది. అడుగున ఉన్న తేనె అందుకోవడానికి అంత పొడవు నాలుక ఉండేది హాక్‌మాత్‌లకే. ఇవి చీకటి పడ్డాక గాల్లో నిలబడి తేనె తాగే పెద్ద చిమ్మటలు. ఇవి తోటకు రావాలంటే ముందు వీటి గొంగళ్లకు తిండి ఉండాలి. అదృష్టవశాత్తూ ఆ తిండి మనకు కొత్త కాదు. ఒక రకం గొంగళి గన్నేరు, నందివర్ధనం ఆకులు తింటుంది. మరో రకం చిలగడదుంప తీగ, దాని చుట్టాలైన తూటి జాతి తీగలు తింటుంది. నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయమయ్యాయని మందు కొట్టే ఇంట్లో కేసరచెట్టు పూలకు అతిథులు తగ్గుతారు. అలాగే రాత్రంతా వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ లైటు చుట్టూ తిరిగి తిరిగి ఈ చిమ్మటలు అలసిపోతాయి. పూసే రోజుల్లో పడుకునే ముందు తోట లైటు ఆర్పేయడం, ఈ వ్యాసంలో చెప్పిన పనులన్నిటిలోకీ ఖర్చు లేనిది.

ఇక అసలు చిక్కు, లిల్లీ మాత్ గొంగళి. నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలతో గుంపుగా వచ్చి అడవినాభి ఆకులను, కేసరచెట్టు ఆకులను నమిలేస్తుంది. తోటపని సలహాలన్నీ దీన్ని తెగులుగానే చూస్తాయి. కానీ ఇది కూడా ఈ నేల జీవే, ఈ మొక్కల మీద ఆధారపడే పెరిగింది. జీవాలకు చోటిచ్చే తోట అని పేరు పెట్టి దీన్ని మాత్రం చంపుతామంటే, రంగురంగుల రెక్కలు ఉన్నవే జీవాలు అన్నట్టు అవుతుంది. అలాగని చూస్తూ ఊరుకోమనడం కూడా సరికాదు. లెక్క కాలాన్ని బట్టి వేసుకోవాలి. సెప్టెంబరు చివర, కాయ పట్టాక ఆకులు తింటే నష్టం తక్కువ, వదిలేయొచ్చు. జులైలో, మొక్క ఇంకా ఎదుగుతుండగా గుంపు దిగితే కొత్త గడ్డ చిక్కిపోతుంది. అప్పుడు సగం గొంగళ్లను చేత్తో ఏరి, పెద్దదైన కేసరచెట్టు ఉంటే దాని మీదికి మార్చితే రెండూ బతుకుతాయి. కేసరచెట్టు గడ్డ పెద్దది, ఒక విడత ఆకులు పోయినా తిరిగి వేస్తుంది. మందు కొడితే గొంగళితో పాటు దాని మీద గుడ్లు పెట్టే పరాన్న కీటకాలు కూడా పోతాయి. మరుసటి ఏడాది గొంగళ్లు ఎక్కువై కూర్చుంటాయి.

నత్తల విషయంలో ఈ జాలి అక్కర్లేదు. వానాకాలం లేత మొలకలను తినే పెద్ద ఆఫ్రికా నత్త బయటి నుంచి వచ్చింది. చీకటి పడ్డాక టార్చి వేసి, చేతికి కవర్ తొడుక్కుని ఏరెయ్యడమే.

ఒక హెచ్చరిక తప్పదు. ఈ గడ్డలు చాలావరకు విషం. అడవినాభి మొత్తం విషమే, గడ్డ మరీను. చిలగడదుంపో, కర్రపెండలం లాంటి మరో దుంపో అనుకుని తిని ప్రాణాల మీదికి తెచ్చుకున్న సంఘటనలు శ్రీలంక వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నక్కఉల్లిలో గుండె మీద పనిచేసే రసాయనాలు ఉన్నాయి. మధ్యధరా ప్రాంతంలోని దాని దగ్గరి చుట్టంతో ఎలుకల మందు చేసేవాళ్లు. నాటువైద్యం పేరుతో ఇంట్లో ప్రయోగాలు వద్దు. చిన్నపిల్లలు మట్టిలో ఆడుకునే ఇంట్లో, మట్టి తవ్వే కుక్క ఉన్న ఇంట్లో అడవినాభి పెట్టకపోవడమే మేలు. కూరగాయల మడి పక్కన ఎవరూ పెట్టకూడదు. కంద, చేమ తవ్వే చోట ఇది కలిసిపోతే గుర్తుపట్టడం కష్టం.

మొక్క ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఇక్కడే చాలామంది మంచి ఉద్దేశంతో చెడ్డ పని చేస్తారు. గుట్ట మీద పూసిన పాంక్రేషియం చూసి, అభివృద్ధి పేరుతో ఎలాగూ పోతుంది కదా, కాపాడదామని గడ్డ తవ్వి తెస్తారు. ఆ గడ్డ పూత వయసుకు రావడానికి కొన్నేళ్లు పట్టి ఉంటుంది. అది పోతే ఆ ఏటి గింజా పోతుంది. రిజర్వు అడవిలో మొక్క పీకడం నేరం కూడా. గింజ తెచ్చుకోవడం దీనికన్నా నయం, అదీ అడవి బయట, నేల యజమానికి చెప్పి, పది కాయలుంటే ఒకటో రెండో. పాంక్రేషియం, కేసరచెట్టు గింజలను తాజాగా ఉండగానే నాటాలి. అడవినాభి గింజ మొలవడానికి వారాల నుంచి నెలలు తీసుకుంటుంది, పూతకు రావడానికి రెండు మూడేళ్లు తక్కువ పట్టదు. లెడెబూరియా అయితే నేలను తాకిన ఆకు కొస దగ్గరే వేళ్లు వేసి పిల్ల గడ్డ పెడుతుంది కాబట్టి, ఒక్క మొక్క ఉన్న స్నేహితుడు ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో అడవినాభి గడ్డలు అమ్ముతున్నారు. సాగు చేసినవా, తవ్వి తెచ్చినవా అని అడిగితే సూటిగా జవాబు రాకపోతే కొనకపోవడం మంచిది.

తోటలో నాలుగు గడ్డలు పెంచితే జాతిని కాపాడినట్టే అనుకోవడం కూడా పొరపాటే. ఒక్క గడ్డ నుంచి వచ్చిన పిల్లలన్నీ ఒకే మొక్క నకళ్లు. వాటికి రకరకాల వారసత్వం ఉండదు. మహారాష్ట్రలోని సతారా దగ్గర కాస్ పీఠభూమిని చూస్తే అసలు సంరక్షణ ఏమిటో తెలుస్తుంది. లేటరైట్ బండ మీద పలుచటి మట్టి పొర, ఎండాకాలం చూస్తే ఏమీ లేని బోడి నేల. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అంతా పూలే. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన పడమటి కనుమల ప్రదేశాల్లో అదీ ఒకటి. అక్కడ పూల కాలంలో రోజుకు ఇంతమందే రావాలని సందర్శకులకు పరిమితి పెట్టారు. మన దక్కన్ గుట్టలకు అంత పేరు రాలేదు. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి భూముల గొడవలో జింకల గురించి, నెమళ్ల గురించి, చెట్ల గురించి అందరూ మాట్లాడారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నరికివేత ఆపమంది. ఆ నెలలో అలాంటి నేల మీద సర్వే చేస్తే మట్టి కింద పడుకున్న గడ్డ ఒక్కటీ లెక్కకు రాదు. బీడు భూమి అని రాసే ముందు ఒకసారి జులైలోనూ, ఒకసారి సెప్టెంబరులోనూ చూసి రావాలనే నియమం ఉంటే ఈ మొక్కలకు తోటలన్నిటి కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకొచ్చేది కూడా ఆ బీళ్ల నుంచే.

అయినా తోటకు ఒక పని మిగిలి ఉంది. గింజ ఎక్కడిదో, ఏ గుట్టదో, ఏ ఏడాదిదో రాసిపెట్టి పెంచితే, తర్వాత ఎప్పుడైనా ఆ గుట్ట మీద మళ్లీ నాటాలనుకున్న వాళ్లకు ఆ మొక్క పనికొస్తుంది. ఎక్కడిదో తెలియని గడ్డ ఎంత బాగా పూసినా ఆ పనికి రాదు. నల్లమల నాభిని, తమిళనాడు పొలం నుంచి వచ్చిన నాభిని ఒకే మూల కలిపి నాటకపోవడం కూడా ఇందుకే, రెండిటి పుప్పొడి కలిస్తే గింజ ఎక్కడిదో చెప్పలేం. రెండూ కావాలంటే ఒకటి ఇంటి ముందు, ఒకటి డాబా మీద కుండీలో పెట్టుకుని, గింజ మాత్రం ఊరి మొక్క నుంచి, అదీ చేత్తో పుప్పొడి అద్ది గుడ్డ కట్టిన పువ్వు నుంచే తీసి పంచుకోవాలి.